క్రెటా డీజిల్‌లో 18 లీటర్ల పెట్రోల్ పోశారు, 200 మీటర్లు నడిచింది. ఇప్పుడేం చేయాలి?

హైవే_65:
అందరికీ నమస్కారం. బండి 2021 క్రెటా 1.5 డీజిల్, మాన్యువల్ గేరు, పుష్ బటన్ స్టార్ట్. సూర్యాపేట దాటాక విజయవాడ వైపు ఓ బంకులో డీజిల్ అని చెప్పినా పెట్రోల్ కొట్టారు. బిల్లు మీద 'ఎంఎస్, 18 లీటర్లు' అని ఉంది. అప్పటికి ట్యాంకులో 12 లీటర్ల దాకా డీజిల్ ఉంది. స్టార్ట్ చేసి పక్కనున్న టీ హోటల్ దాకా, అంటే 200 మీటర్లు వెళ్లాక బిల్లు చూసి ఆపేశాను. ఇంజన్ మొత్తం 2 నిమిషాలు తిరిగి ఉంటుంది. శబ్దంలో తేడా లేదు, పొగ రాలేదు, లైటేమీ వెలగలేదు.

బంకువాళ్లు "మిగతా 20 లీటర్లు డీజిల్ కొట్టించుకోండి, కలిసిపోతుంది" అంటున్నారు. ఇక్కడి మెకానిక్ ఒకతను 2టీ ఆయిల్ (టూ-స్ట్రోక్ బండ్ల పెట్రోల్‌లో కలిపే ఆయిల్) అర లీటరు పోస్తే చాలంటున్నాడు. ఈ రెండిట్లో ఏదైనా పనికొస్తుందా? ట్యాంకు ఖాళీ చేయించాలంటే ఎలా చేయాలి, ఏమేం మార్చాలి? ఖర్చు ఎవరు భరించాలి?

కామన్‌రైల్:
ముందు ఒక్క మాట. బండి ఆన్ చేయడానికి గానీ స్టార్ట్ చేయడానికి గానీ ఆ బటన్ మళ్లీ నొక్కొద్దు. బండి ఆన్‌లోకి వెళ్లగానే ట్యాంకులోని మోటారు తిరిగి కలగాపులగం ఇంధనాన్ని ముందుకు తోస్తుంది. ఇంజన్ తిరగకపోయినా పైపుల్లోకి, ఫిల్టర్‌లోకి చేరిపోతుంది.

బండి నెట్టాలంటే స్టీరింగ్ లాక్ వదలాలి కాబట్టి క్లచ్ తొక్కకుండా బటన్ ఒక్కసారే నొక్కండి. అది ఏసీసీ, అంటే ఇంజన్, ట్యాంకు మోటారు ఆన్ కాని స్థితి. రెండోసారి నొక్కితే ఆన్, ఆ జోలికి పోవద్దు. గేరు న్యూట్రల్, హ్యాండ్ బ్రేక్ వదలండి. ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేక్ ఉన్న బండ్లలో అది వదలాలంటే చాలావరకు ఆన్ చేయాల్సిందే. అలాంటప్పుడు చక్రాల కింద ట్రాలీలు పెట్టి ఫ్లాట్‌బెడ్ మీదికి లాగించాలి. నేషనల్ హైవే మీద ఉన్నారు కాబట్టి 1033కి చేస్తే పక్కకు తీయడానికి క్రేన్ వస్తుంది. అక్కడి నుంచి వర్క్‌షాప్‌కి మీ రోడ్‌సైడ్ అసిస్టెన్స్ వాళ్లను పిలవండి.

ఇప్పుడు అసలు సంగతి. బంకువాళ్ల లెక్క చూద్దాం. ప్రస్తుతం మీ ట్యాంకులో 30 లీటర్లకు 18 పెట్రోల్, అంటే 60 శాతం. 50 లీటర్ల ట్యాంకు నిండా డీజిల్ పోసినా 36 శాతం పెట్రోలే. పాత ఇండైరెక్ట్ ఇంజెక్షన్ డీజిల్ ఇంజన్లకు, యూరప్ చలికాలంలో డీజిల్ గడ్డకట్టకుండా కొంత పెట్రోల్ కలపొచ్చని కంపెనీల మాన్యువల్స్‌లోనే ఉండేది. కొన్నిట్లో 30 శాతం దాకా రాశారు. ఈ "కలిసిపోతుంది" అనే మాట అక్కడి నుంచి వచ్చిందే. ఆ ఇంజన్లలో పంపు ప్రెషర్ కొన్ని వందల బార్లు దాటేది కాదు. నేటి బండ్ల కామన్ రైల్లో (ఇంజెక్టర్లన్నిటికీ ఇంధనం పంచే ఉమ్మడి గొట్టం) 1,600 బార్లు, కొన్నిట్లో 2,000 బార్లు. నాటి సలహా నేటి బండికి పనికిరాదు.

హై ప్రెషర్ పంపు లోపలి భాగాలకు విడిగా ఆయిల్ రాదు. డీజిలే దానికి ఇంధనం, డీజిలే దానికి జిడ్డు. అందుకే డీజిల్‌కు జిడ్డు పరీక్ష కూడా పెట్టారు. బంతిని పలక మీద రుద్దితే పడే అరుగుడు మచ్చ 460 మైక్రాన్లు మించకూడదు. పెట్రోల్‌కు ఆ గుణం లేదు, పైగా ఉన్న జిడ్డును కడిగేస్తుంది. పంపులో పిస్టన్‌కూ బ్యారెల్‌కూ మధ్య సందు కొన్ని మైక్రాన్లే. జిడ్డు పొర పోగానే లోహం లోహాన్ని గీస్తుంది. ఆ పొడి కామన్ రైలులోకి, ఇంజెక్టర్లలోకి పోతుంది. మిగిలింది రిటర్న్ పైపు గుండా ట్యాంకులోకి వస్తుంది. ఇక అది ఒక్క పార్టు మార్చితే పోయే రోగం కాదు.

మీ విషయంలో ధైర్యం చెప్పుకోదగ్గది ఒకటుంది. పైపుల్లో, ఫిల్టర్ గిన్నెలో ఉన్న పాత డీజిల్ మొదట వాడుకుంటుంది. 2 నిమిషాలు, లోడ్ లేకుండా, 200 మీటర్లు. పంపు చెడకుండా బయటపడే అవకాశం బాగానే ఉంది. అయినా శబ్దం రాలేదు కదా అని నిశ్చింతగా ఉండొద్దు. పెట్రోల్ సిలిండర్‌లోకి చేరి మండడం ఆలస్యమైతేనే నాకింగ్, తెల్ల పొగ వస్తాయి. పంపు అరుగుడు అంతకంటే ముందే మొదలవుతుంది.

స్పానర్‌పెట్టె:
ఖాళీ చేయడం గురించి రాస్తున్నా అన్నా. మెకానిక్‌కి చూపించండి.

బంకు ఆవరణలో గానీ ఆ టీ హోటల్ పొయ్యి పక్కన గానీ ట్యాంకు విప్పనివ్వొద్దు. డీజిల్ అనుకుని తేలిగ్గా తీసుకుంటారు, కానీ పెట్రోల్ ఒక శాతం కలిసినా ఫ్లాష్ పాయింట్ (ఆవిరికి నిప్పు అంటుకునే ఉష్ణోగ్రత) దారుణంగా పడిపోతుంది. 60 శాతం ఉన్నది పెట్రోల్ లాగే అంటుకుంటుంది. గాలి ఆడే చోటు, దగ్గర్లో డీసీపీ (పొడి రసాయనం) ఫైర్ ఎక్స్‌టింగ్విషర్, ఫోన్లు దూరంగా. నోటితో పైపు పీల్చడం అసలే వద్దు. పెట్రోల్ ఊపిరితిత్తుల్లోకి పోతే ఆస్పత్రే. క్రెటా మూతి దగ్గర నుంచి పైపు దించినా లోపలి ఫ్లాప్ అడ్డుపడి సరిగా దిగదు కూడా.

బ్యాటరీ నెగటివ్ తీసేయాలి. వెనక సీటు అడుగు భాగం పైకి లాగితే కార్పెట్ కింద గుండ్రటి మూత ఉంటుంది. దాని కింద ట్యాంకు మోటారు. మూత తెరవక ముందే చుట్టూ పేరుకున్న దుమ్మును గాలితో, గుడ్డతో శుభ్రం చేయాలి. లేకపోతే పెట్రోల్ తీసి మట్టి పోసినట్టవుతుంది. కనెక్టర్, పైపులు ఊడదీసి పైన ఉన్న రింగును తిప్పాలి. ఇక్కడే చాలామంది ఇనుప స్క్రూడ్రైవర్ పెట్టి సుత్తితో టక్ టక్ అని కొడతారు. పెట్రోల్ ఆవిరి మీద నిప్పురవ్వ! రింగుకు తగ్గ టూల్ వాడాలి, లేదంటే ఇత్తడి కడ్డీ గానీ గట్టి చెక్క ముక్క గానీ. మోటారు బయటికి తీసేటప్పుడు ఏటవాలుగా తిప్పుతూ తీయాలి, ఫ్లోట్ కడ్డీ వంగితే తర్వాత గేజ్ తప్పు చూపిస్తుంది. కింది రబ్బరు ప్యాకింగ్ కొత్తది వేయించండి. పాతది పెట్రోల్‌కు ఉబ్బి ఉంటుంది, మళ్లీ కూర్చోదు.

ఇంధనం తీయడానికి గాలితో నడిచే పంపు గానీ చేతి పంపు గానీ వాడాలి. ఇంట్లో వాడే కరెంటు మోటారు వద్దు. లోహపు డబ్బాల్లోకి తీయండి. బండి బాడీకి, డబ్బాకు మధ్య ఒక రాగి వైరు క్లిప్పులతో కలపాలి, స్టాటిక్ కోసం.

ట్యాంకులో ఎంత ఉందో అంత వచ్చిందో లేదో కొలవండి. ఎంత లాగినా అడుగున లీటరు, రెండు లీటర్లు మిగులుతుంది. 2 లీటర్లు మిగిలిందనుకోండి, అందులో 1.2 లీటర్లు పెట్రోల్. అలాగే 20 లీటర్లు డీజిల్ పోస్తే ఇంకా 5 శాతం పైనే. అదే మధ్యలో 5 లీటర్ల కొత్త డీజిల్ పోసి, కదిపి, అదీ తీసేస్తే మిగిలే పెట్రోల్ మూడో వంతు లీటరు. దాని మీద 20 లీటర్లు పోస్తే ఒకటిన్నర శాతం. ఫుల్ ట్యాంక్ చేస్తే ఇంకా తక్కువ. ఆ 5 లీటర్ల డీజిల్ దగ్గర కక్కుర్తి పడొద్దు.

తర్వాత ఫిల్టర్ నుంచి పంపు దాకా ఉన్న పైపు, రిటర్న్ పైపు ఊడదీసి లోపల ఉన్నది బయటికి పోయేలా శుభ్రమైన డీజిల్‌తో కడగాలి. ఫిల్టర్ కొత్తది. పాత ఫిల్టర్‌ను పారేయనివ్వొద్దు. అందులో ఉన్నదాన్ని తెల్లటి ప్లాస్టిక్ ట్రేలో పోసి, ఎండలో ట్రేను అటూ ఇటూ వంచి చూడండి. వెండి పొడి చల్లినట్టు మెరిస్తే పంపు తనను తాను తినడం మొదలుపెట్టినట్టే. ట్రే కింద అయస్కాంతం జరిపితే ఇనుప పొడి గీతలా కదులుతుంది. అల్యూమినియం అయితే కదలదు గానీ మెరుస్తుంది. కాబట్టి అయస్కాంతానికి రాలేదని వదిలేయకండి, కంటితోనూ చూడాలి.

మెరుపు కనిపిస్తే అక్కడే ఆగాలి. పంపు, రైలు, 4 ఇంజెక్టర్లు, వాటి మధ్య గట్టి పైపులు, రిటర్న్ పైపులు, ట్యాంకు లోపల కడగడం. బిల్లు లక్ష దాటుతుంది. పంపు ఒక్కటే మార్చి పంపితే రైల్లో మిగిలిన పొడి ఇంజెక్టర్లను కూడా పట్టుకుంటుంది. ట్రే శుభ్రంగా ఉంటే ఫిల్టర్‌తో పని అయిపోతుంది.

డీజిల్_రాజు:
2టీ ఆయిల్ సంగతి ఎవరూ చెప్పలేదు. నాకు తెలిసి కొందరు మామూలు డీజిల్‌లో కూడా కలుపుతారు, జిడ్డు పెరుగుతుందని. ఇక్కడ కూడా కొంచెం మేలేగా?

కామన్‌రైల్:
రాజు గారూ, జిడ్డు ఒక్కటే సమస్య అయితే ఆలోచించొచ్చు. పెట్రోల్‌కు సీటేన్ (డీజిల్ ఇంజన్‌లో తనంతట తాను మండే గుణానికి కొలత) బాగా తక్కువ. మన డీజిల్‌కు కనీసం 51 ఉండాలి. ఆలస్యంగా, ఒక్కసారిగా మండి పిస్టన్ మీద దెబ్బ కొడుతుంది. దాన్ని 2టీ ఆయిల్ మార్చలేదు. పైగా ఇది బీఎస్6 బండి, వెనక డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉంది. కాలని ఇంధనమూ ఆయిల్ బూడిదా అందులోకే పోతాయి. డీపీఎఫ్‌లో మసి కాలుతుంది, బూడిద కాలదు, అక్కడే పేరుకుంటుంది.

ఇంకోటి, ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. 18 లీటర్లలో 3.6 లీటర్లు ఇథనాలే. అది తేమను లాక్కుంటుంది. డీజిల్‌తో కలిసి ఉన్నప్పుడు నీరు చేరితే విడిపోయి అడుగున నిలుస్తుంది. కాబట్టి వారం తర్వాత చూద్దాంలే అని బండిని అలా వదిలేయడం కూడా తప్పే. తీయించాల్సింది త్వరగా తీయించండి.

బంకు_లెక్కలు:
ఖర్చు ఎవరిదన్న ప్రశ్నకు. బండి అక్కడి నుంచి కదిలించే ముందే ఇవి చేయాలి, రేపు చేద్దామంటే కుదరదు.

బిల్లు మీ దగ్గరుంది, అది బంగారం. ఎంఎస్ అంటే మోటార్ స్పిరిట్, పెట్రోల్. డీజిల్ అయితే హెచ్‌ఎస్‌డీ అని వస్తుంది. బిల్లు మీద టైము, నాజిల్ నంబర్ ఉంటాయి. థర్మల్ కాగితం కాబట్టి కొన్ని నెలలకు అక్షరాలు మాయమవుతాయి, వెంటనే ఫొటో తీయండి. బండి నంబర్ కనిపించేలా, ఆ నాజిల్ కనిపించేలా, ఫ్యూయల్ మూత లోపల 'డీజిల్' స్టిక్కర్ కనిపించేలా మూడు ఫొటోలు. సీసీటీవీ రికార్డింగ్ భద్రపరచమని మేనేజర్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి, వాట్సాప్ మెసేజ్ అయినా సరే. అవి కొన్ని రోజులకు వాటంతటవే చెరిగిపోతాయి. బంకులో కంప్లైంట్ బుక్ ఉంటుంది, అందులో రాసి ఆ పేజీ ఫొటో తీసుకోండి.

సాంద్రత పరీక్ష అడగండి. ప్రతి బంకులోనూ హైడ్రోమీటర్, థర్మామీటర్, 500 మి.లీ. జాడీ, 15 డిగ్రీలకు మార్చే పట్టిక ఉండాలి. రోజూ ఉదయం వాళ్లు చూసి రిజిస్టర్‌లో రాసేది అదే. ఘనపు మీటరుకు కిలోల్లో చూస్తే డీజిల్ సాధారణంగా 820–845 మధ్య, పెట్రోల్ 720–775 మధ్య. ఆ రోజు డీజిల్ 830, పెట్రోల్ 745 అనుకుంటే మీ ట్యాంకులోది 779 దగ్గర రావాలి. ఈ అంకె కాగితం మీద పడి, మేనేజర్ సంతకం ఉంటే "మేం పోయలేదు" అనడానికి వీలుండదు. ట్యాంకు తీసేటప్పుడు ఒక లీటరు శుభ్రమైన లోహపు డబ్బాలో తీసి, సీల్ వేసి, ఇద్దరి సంతకాలతో ఉంచండి.

చాలా బంకుల్లో యజమాని టోయింగ్, ట్యాంకు క్లీనింగ్, ఫిల్టర్ ఖర్చు అక్కడే ఒప్పుకుంటాడు. ఒప్పుకుంటే "పూర్తి, తుది పరిష్కారం" అని రాసిన కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి. ఇంజెక్టర్ సమస్య పదిహేను రోజుల తర్వాత కూడా బయటపడొచ్చు. ఒప్పుకోకపోతే ముందు 1915, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. దాని తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. ఘటన జరిగిన రోజు నుంచి 2 ఏళ్లలోపు వేయాలి. చెల్లించిన విలువ 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు.

ఇన్సూరెన్స్ మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి. మామూలు ఓన్ డ్యామేజ్‌లో మెకానికల్ బ్రేక్‌డౌన్ రాదు. ఇంజన్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ ఎక్కువగా నీళ్లు చొరబడడం, ఆయిల్ కారడం కోసం ఉంటుంది. రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌లో మాత్రం 'తప్పు ఇంధనం' అని చాలాచోట్ల ఉంటుంది, టోయింగ్ వరకైనా వస్తుంది. మీ పాలసీ కాగితంలో ఆ పదం వెతకండి.

హైవే_65:
అందరికీ చాలా థాంక్స్. స్పానర్‌పెట్టె గారు చెప్పినట్టే ట్యాంకు తీయించాం. 28 లీటర్లు వచ్చింది. 5 లీటర్లతో కడిగారు. ఫిల్టర్‌లోది తెల్ల ట్రేలో చూశాం, మెరుపు లేదు, కొంచెం నల్లటి మడ్డి మాత్రమే. కొత్త ఫిల్టర్ వేసి 20 లీటర్ల డీజిల్ పోశాం. కానీ సెల్ఫ్ కొడితే స్టార్ట్ అయి రెండు సెకన్లకే ఆగిపోతోంది. పంపు పోయిందా?

స్పానర్‌పెట్టె:
కంగారు పడొద్దన్నా, గాలి ఉంది. కొత్త ఫిల్టర్ ఖాళీగా వేస్తే అలాగే ఆగుతుంది. సెల్ఫ్ మీద సెల్ఫ్ కొట్టించొద్దు. గాలితో తిరిగితే ఆ పంపుకు మళ్లీ జిడ్డు ఉండదు, పెట్రోల్ తప్పించి ఎండబెట్టినట్టు అవుతుంది.

క్లచ్ తొక్కకుండా రెండుసార్లు నొక్కి ఆన్‌లో పెట్టండి. వెనక సీటు దగ్గర చెవి పెడితే ట్యాంకు మోటారు గుయ్యిమనడం వినిపిస్తుంది. ఆ శబ్దం ఆగాక ఆఫ్ చేసి, మళ్లీ ఆన్. ఇలా ఆరేడు సార్లు. మొదట్లో శబ్దం గరగరమంటూ ఉంటుంది, గాలి పోయేకొద్దీ సన్నగా, ఒకే తీరుగా మారుతుంది. ఫిల్టర్ దగ్గర రబ్బరు బుడ్డి ఉన్న బండి అయితే అది గట్టిపడే దాకా నొక్కాలి. తర్వాత సెల్ఫ్ 10 సెకన్లకు మించకుండా, మధ్యలో అర నిమిషం విరామం ఇచ్చి కొట్టండి. స్టార్ట్ అయ్యాక రేస్ చేయొద్దు. 10 నిమిషాలు ఐడిల్‌లో వదిలేసి ఫిల్టర్ క్లిప్పుల దగ్గర, వెనక రింగు దగ్గర తడి ఉందేమో చూడండి.

కామన్‌రైల్:
స్టార్ట్ అయ్యాక స్కానర్ పెట్టించి రైలు ప్రెషర్ చూడండి. వేడెక్కిన ఇంజన్ ఐడిల్‌లో సుమారు 250–350 బార్ ఉంటుంది. ఆ అంకె కంటే ముఖ్యమైనది, కంప్యూటర్ అడుగుతున్న ప్రెషర్‌కూ వస్తున్న ప్రెషర్‌కూ తేడా. ఐడిల్‌లో రెండూ అంటిపెట్టుకుని ఉండి, మూడో గేరులో గట్టిగా తొక్కినప్పుడు వస్తున్నది వెనకబడితే పంపు గానీ ఇంజెక్టర్ గానీ లీకవుతున్నట్టు. రైలు ప్రెషర్ తక్కువని చెప్పే పీ0087 కోడ్ పడేది అప్పుడే.

అలా పడితే వెంటనే పంపు మార్చెయ్యమనొద్దు. నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ పైపులు తీసి ఒకే సైజు నాలుగు సీసాల్లో పెట్టి 2 నిమిషాలు ఐడిల్ చేయండి. మూడిట్లో వేలు మందం, ఒక దాంట్లో సగం సీసా వస్తే దొంగ దొరికినట్టే. నాలుగిట్లోనూ సమానంగా, తక్కువగా వస్తే అప్పుడు పంపు వైపు చూడాలి.

ఇంజన్ ఆయిల్ గేజ్ కడ్డీ తీసి వాసన చూడండి. పెట్రోల్ వాసన ఉన్నా, మట్టం పెరిగినా ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ మార్చాలి. 2 నిమిషాలే నడిచింది కాబట్టి ఉండకపోవచ్చు.

హైవే_65:
స్టార్ట్ అయింది! ఎనిమిదోసారి ఆన్ చేశాక మోటారు శబ్దం మారింది, సెల్ఫ్ కొట్టగానే పట్టింది. రైలు ప్రెషర్ ఐడిల్‌లో 290, అడిగింది 288. ఆయిల్‌లో వాసన లేదు. బంకు యజమాని టోయింగ్, లేబర్, ఫిల్టర్ ఇస్తానన్నారు. తుది పరిష్కారం కాగితం మీద సంతకం పెట్టలేదు.

ఆఖరి సందేహం. తీసిన 28 లీటర్లు, కడిగిన 5 లీటర్లు అలాగే డబ్బాల్లో ఉన్నాయి. బైకులో, జనరేటర్‌లో పోసుకోవచ్చంటున్నారు ఇక్కడ.

బంకు_లెక్కలు:
వద్దండి. బైకులో పోస్తే ప్లగ్ నల్లబడి పొగ, డీజిల్ జనరేటర్‌లో పోస్తే మీ కారు కథే మళ్లీ. ఇక దాచుకోవడం గురించి: పెట్రోల్ కలిశాక దాన్ని డీజిల్ లెక్కన చూడకూడదు, క్లాస్ ఏ పెట్రోలియం (తేలిగ్గా అంటుకునే పెట్రోల్ లాంటి రకం) అనే అనుకోవాలి. లైసెన్స్ లేకుండా ఉంచుకోగలిగేది 30 లీటర్లే, అదీ అమ్మకానికి కాకుండా, ఒక్కో డబ్బా 25 లీటర్లు మించకుండా. మీ దగ్గర 33 ఉన్నాయి. సీల్ చేసిన నమూనా డబ్బా ఒకటి ఉంచుకుని, మిగతాది ఆ బంకు యజమానికే అప్పగించి రసీదు తీసుకోండి. వాళ్ల కంపెనీ ద్వారా వెనక్కి పంపే దారి వాళ్లకుంటుంది. కాలువలో, రోడ్డు పక్కన మాత్రం పారబోయనివ్వకండి.

స్పానర్‌పెట్టె:
500 కిలోమీటర్లు తిరిగాక ఇప్పుడు వేసిన ఫిల్టర్ కూడా తీయించి అదే తెల్ల ట్రేలో చూడండన్నా. అప్పటిదాకా ట్యాంకు సగానికి తగ్గకుండా చూసుకోండి, 3,000 ఆర్‌పీఎం దాటించకండి.

ఇది చదివే వేరేవాళ్లకు ఒక సంగతి. ఎక్స్‌యూవీ 700 లాంటి, డీఈఎఫ్ (పొగను శుద్ధి చేయడానికి వేరే ట్యాంకులో పోసే ద్రవం) వాడే డీజిల్ బండ్లలో, డీజిల్ ట్యాంకులో డీఈఎఫ్ పోశారంటే ఇది పెట్రోల్ కంటే ఘోరం. పెట్రోల్ డీజిల్‌లో కలుస్తుంది, డీఈఎఫ్ కలవదు. నీళ్లలో 32.5 శాతం యూరియా అది, డీజిల్ కంటే బరువు. నేరుగా అడుగుకు దిగి మోటారు పీల్చే చోటే కూర్చుంటుంది. ఒక్కసారి ఆన్ చేసినా ముందు పోయేది అదే, ఎండితే ఇంజెక్టర్లలో ఉప్పులా గడ్డకడుతుంది. గ్లాసెడు పడినా బండి ఆన్ చేయకుండా టో చేయించాలి.